ఎదుటి పక్షం చేసిన కిరీటం

నా చిన్నప్పుడు నేనూ, మా పై అంతస్తులో ఉండే నా నేస్తమూ ఒకసారి కిరీటాల కోసం జుట్లు పట్టుకున్నాం. ఖతర్ రాజధాని దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. మాది భీమవరం పక్క, వాళ్ళది నిజామాబాద్. బడి నాటకంలో ఇద్దరమూ రాణులమే. ఎవరి కిరీటం పొడుగ్గా ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, వారం రోజులు పలకరింపుల్లేవు. నేను అసలే మొండిఘటాన్ని.

మా ఎదురు ఫ్లాట్లో ఒక అమెరికా తాత ఉండేవాడు. కూతురి ఉద్యోగం కోసం ఆమెతో వచ్చాడు. అలాస్కాలో ట్లింగిట్ అనే జాతివాడు. కొట్ల ముందు పారేసిన పెట్టెల చెక్క ఏరుకొచ్చి, బాల్కనీలో కూర్చుని వంకర కత్తితో పక్షుల ముఖాలు చెక్కేవాడు. వాళ్ళ పెద్దలు వేడుకల్లో పెట్టుకునే కిరీటాలకు నుదుటి దగ్గర అలాంటి ముఖమే ఉంటుందట. మా తగువు విని, చెరో ముఖం చెక్కి ఇస్తాను, మిగతా పని మీదే అన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. వాళ్ళలో కాకి పక్షం, గద్ద పక్షం అని రెండున్నాయట. ఒక పక్షం కిరీటం ఎదుటి పక్షమే చెయ్యాలట.

"నీది ఆ పిల్ల చేస్తుంది, ఆ పిల్లది నువ్వు చెయ్యి. యల్లా, కానివ్వండి" అన్నాడు తాత ఇంగ్లీషులో.

మూతులు ముడుచుకునే ఒకరి తల ఒకరం టేపుతో కొలుచుకున్నాం. కిరీటం పై అంచున చుట్టూ సముద్రసింహం మీసాలు గుచ్చాలన్నాడు తాత. ఖతర్‌లో అవెక్కడ దొరుకుతాయి, అందుకని అమ్మ కొబ్బరి చీపురు పుల్లలు పీకి, తిట్లు తిన్నాం. చెక్క ముఖాల కళ్ళకు ముత్యపు చిప్ప ముక్కలు అతికించాం. పుల్లల మధ్యలో, ఏసీ మీద పావురాలు రాల్చిన మెత్తటి ఈకలు నింపాం. తల ఊపితే అవి లేచి జనం మీద పడాలి, అది శాంతికి గుర్తు అని తాత చెప్పాడు. శాంతి ఎవరిక్కావాలి? నేను నా నేస్తం కిరీటం పట్టీని రెండు వేళ్ళంత వదులు చేశాను. స్టేజీ మీద ముక్కు మీదికి జారితే చూసి నవ్వుకోవాలని నా కోరిక.

నాటకం రోజు నా నేస్తం చేసిన కిరీటం పెట్టుకున్నాను. అతికినట్టు సరిపోయింది. అప్పట్లో నా నుదుటి మీద సెగగడ్డ ఉండేది. కొలిచేటప్పుడు చూసినట్టుంది, చెక్క ఒరుసుకోకుండా తన వెల్వెట్ రిబ్బను కత్తిరించి సరిగ్గా అక్కడ కుట్టింది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చేసింది. నేను చేసింది పెట్టుకోవద్దనీ, కావాలనే వదులు చేశాననీ చెప్పేశాను.

అది గుప్పిట తెరిచి నాలుగు పిన్నులు చూపించింది. "నాకెర్కనే. నువ్వు గట్లనే జేస్తవని ముందుగాలే తెచ్చుకున్న."

ఇద్దరం పగలబడి నవ్వాం. స్టేజీ మీద మేము తలలు ఊపిన ఊపుకి ముందు వరసలో టీచర్లంతా తుమ్మారు.

ఇప్పుడు నేను ఖతర్‌లోనే అల్ ఖోర్ అనే ఊళ్ళో ఉంటున్న అమ్మమ్మని. ఆ కిరీటం నా దగ్గరే ఉంది. ఎవరి మీదైనా కోపమొచ్చి, పట్టీ వదులు చెయ్యాలనిపించినప్పుడు దాన్ని బీరువా మీంచి కిందికి దించుతాను. నా బుద్ధి తెలిసీ నా కోసం కుట్టిన ఆ వెల్వెట్ ముక్కని ఒకసారి తడిమి చూసుకుంటాను.