బాబాయి ఇంట్లో ఏదీ చెడిపోదు

మా బాబాయి ఇంట్లో ఏ వస్తువూ చెడిపోదు. చెడిపోయే హక్కు ఆయన దేనికీ ఇవ్వలేదు. గడియారం ఆగితే "విశ్రాంతి తీసుకుంటోంది" అనేవాడు. కుర్చీ కాలు విరిగితే దాన్ని గోడకి ఆనించి, "కుర్చీ అన్నాక గోడ పక్కనే ఉండాలి, నట్టింట్లో దానికేం పని?" అని కొత్త శాస్త్రం చెప్పేవాడు. ఎవరైనా "బాబాయ్, ఇది పాడైంది" అన్నారో, పాడైంది వస్తువు కాదు, అన్నవాళ్ల బుద్ధేనని తేల్చేదాకా వదిలేవాడు కాదు.

అలాంటి మహానుభావుడి మీద ఒక ఎండాకాలం ఆయన సెప్టిక్ ట్యాంకే తిరగబడింది.

ట్యాంకులోంచి వచ్చే నీరు నేలలోకి ఇంకిపోవడానికి పెరట్లో చిల్లుల గొట్టాలు పాతి ఉంటాయి. వీధిలో గడ్డంతా ఎండి పీచైపోయిన రోజుల్లో, సరిగ్గా ఆ గొట్టాల మీద మాత్రం మోకాలెత్తు లేచి నిగనిగలాడింది.

"చూశావురా, నా చేతి చలవ!" అన్నాడు బాబాయి.

"నువ్వు చుక్క నీళ్లు పోసిందెప్పుడు?"

"అదేరా చలవంటే. పొయ్యక్కర్లేదు."

అదే గడ్డిలో నా చెప్పు కూరుకుపోయింది. పైకి లాగితే దానితోపాటు వచ్చిన కంపుకి కళ్లు తిరిగాయి. "మీ తరానికి మట్టి వాసన తెలీదు," అని జాలిపడ్డాడు. స్నానాలగదిలో నీళ్లు మడమల దాకా నిలబడి, పోవాలా వద్దా అని తర్జనభర్జన పడి పోయేవి. మరుగుదొడ్డి ఉన్నట్టుండి గుడగుడమంటే పిన్ని ఉలిక్కిపడేది.

"పలకరిస్తోందే! మూగ కొంపలో ఉంటావా ఏం?" అనేవాడు.

చివరికి ఒకరోజు తూములోకి పోవాల్సిన నీళ్లు తూములోంచి బయటికి రావడం మొదలెట్టాయి. పిన్ని చీపురు అవతల పడేసి పెట్టె సర్దింది.

"ఏమండీ, రేపు మేస్త్రిని పిలిచారా సరే. లేదంటే మా అక్కయ్య దగ్గరికి పోతాను. అక్కడ మరుగుదొడ్డి నోరు మూసుకుని ఉంటుంది."

"పో! నా పెరట్లో మాత్రం గునపం దిగడానికి వీల్లేదు!"

ఇంత మొండితనం ఆయన లెక్కకి కూడా ఎక్కువే. మర్నాడు మేస్త్రిని నేనే తీసుకొచ్చాను. బాబాయి గడ్డి నడుమ చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడినట్టే దిగబడిపోతూ, "నేల రాయిలా ఉంది, పోండి," అన్నాడు. పిన్నీ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని పెరికి పక్కన పెట్టాం.

తవ్వడానికి వీలుగా ఎదురింటి డ్రైవరు వచ్చి తన సామాన్ల వ్యాను పక్కకి తీశాడు. వీధిలో పెడితే దొంగలు దాన్ని ముక్కముక్కా ఊడదీసుకుపోతున్నారని, రోజూ మా బాబాయి పెరట్లోనే పెట్టుకునేవాడు. ఆ బండే అతని కూడూ గుడ్డా. పరమ మొహమాటస్తుడు. తనవల్ల ఎవరికైనా ఇబ్బందంటే బండితో సహా మాయమైపోయే రకం.

మేస్త్రి గునపానికి మొదట గొట్టం తగల్లేదు, చెక్క తగిలింది.

"ఇవి మన అటక మీది పాత తలుపులు కదూ?" అంది పిన్ని.

వ్యాను చక్రాలు ఆనే చోట, ఎవరో బురదలో వాటిని బుద్ధిగా పరిచి పైన మట్టి కప్పారు. నేల దిగబడుతోందని అందరికంటే ముందు గ్రహించిన ఆ ఎవరో, అప్పుడే ఆకాశంలో మబ్బులు పరిశీలిస్తున్నాడు.

తలుపుల కింద గొట్టాలు నలిగి పచ్చడయ్యాయి. మేస్త్రి తల పంకించాడు. "దీనిమీద పెద్ద బరువేదో తిరిగిందండీ. ఏదైనా బండి గానీ..."

డ్రైవరు మొహంలో నెత్తురు లేదు. "బాబాయిగారూ, నా..."

"నువ్వు నోర్మూసుకో!" గద్దించాడు బాబాయి. "ఆ బరువు నేనే మేస్త్రీ. రోజూ పొద్దున్నే ఇక్కడ గెంతుతాను. వ్యాయామం."

మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఈదురుగాలిలో ఆయన బయటికెళ్తే, ఎగిరిపోకుండా పిన్ని ఆయన జేబులో తాళాలగుత్తి వేసి పంపుతుంది.

"మరి రెండు వరసల్లో నలిగాయేంటండీ?"

"మనిషికెన్ని కాళ్లయ్యా?"

"మధ్యలో బారెడు ఎడముందండీ."

"కాళ్లు చాపి గెంతుతాను. నా పెరడు, నా కాళ్లు. నీకేమిటి?"

పిన్ని ఆ తలుపులకేసి చూసింది. నేలచూపులు చూస్తున్న డ్రైవరుకేసి చూసింది. ఆఖరికి, గడ్డం పైకెత్తి ప్రపంచాన్నంతా కుస్తీకి పిలుస్తున్నట్టు నిలబడ్డ మొగుడికేసి చూసింది.

"నిజమే మేస్త్రీ, గెంతుతారు," అంది. "నేను చూస్తూనే ఉంటాను. వద్దంటే వింటేగా!"

అని, ఎవర్నీ తాకనివ్వని తన పూలకుండీలన్నిటినీ ముందు వాకిట్లోంచి గోడవారకి తనే లాగేసి, గేటు తాళంచెవి తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టింది.

"బాబూ, ఇకనుంచి బండి ముందువైపు పెట్టుకో. పెరడు నీకివ్వడం కుదరదు. మీ బాబాయిగారు గెంతుకోవాలి."