లింగమూర్తి బాగుచేసిన పాట

బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసిన లింగమూర్తి మిషన్‌ను చూసేవాడు కాదు, వినేవాడు. పంపుకు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, లోపల ఏ బేరింగ్ అరిగిందో చెప్పేవాడు. ఇంజనీర్లు వారం రోజులు కొలతలు తీసి అదే మాట ఇంగ్లీషులో చెప్పేవారు. రిటైరై మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నాక ఆ చెవికి పని లేకుండా పోయింది. పక్కింటి స్కూటర్ దగ్గినా పానా పట్టుకొని లేచేవాడు, పాపం.

తొంభై నాలుగులో అల్లుడు దశరథం దుబాయి నుంచి సెలవు మీద వస్తూ టేప్‌రికార్డర్ తెచ్చాడు. దాంతోపాటు అప్పుడే విడుదలైన ఇంగ్లీషు రాక్ క్యాసెట్ ఒకటి. ఇనుప రేకులు, మోటార్లు, ఎవడో గొంతు చించుకోవడం, అన్నీ కలిపితే అక్కడ పాటట. అది పెట్టి అల్లుడు స్నానానికి వెళ్లాడు.

"నీళ్లు లేని మోటరు నడిచినట్టున్నది, జర బందు జెయ్యుండ్రి!" అని లింగమూర్తి భార్య బాలవ్వ కొంగుతో చెవులు మూసుకుంది. ఆయన ముఖం మాత్రం రిటైరైన రెండేళ్లకు మొదటిసారి వెలిగింది.

"బేరింగ్ పోయింది. అల్లున్ని మోసం జేసిండ్రు" అన్నాడు.

దశరథం తల తుడుచుకుంటూ వచ్చేసరికి స్క్రూలు పళ్లెంలో ఉన్నాయి, మామ చేతిలో కుట్టుమిషన్ నూనె ఉంది.

"ఏం జేస్తున్నవు మామా!"

"ఫికర్ జెయ్యకు."

బిగించి పెడితే అదే చప్పుడు. మళ్లీ విప్పాడు. మూడోసారికి చెమటలు పట్టాయి. ఆయన చెయ్యి పడ్డాక కూడా మొత్తుకున్న మిషన్ ఇంతవరకు లేదు. గనిలో తోటిపనివాడైన అంతయ్య గోడ మీదుగా చూసి, "అన్నకు చెవి తగ్గింది" అని మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నదే ఆయనకు బాగా వినిపించింది, గుండెలో గుచ్చుకుంది.

దశరథానికి జాలేసింది. "డబ్బ మంచిగనే ఉన్నది మామా. గా సప్పుడే పాట. కావాల్నని జేసిండ్రు."

లింగమూర్తి స్పీకరుకు స్క్రూడ్రైవర్ ఆనించి, చెవి పెట్టి, క్యాసెట్ ఒక పక్కంతా కదలకుండా విన్నాడు.

"మూడు మోటర్లున్నయి అంతయ్యా. రెండు మంచిగున్నయి. మూడోదాని బేరింగే పోయింది. నేను తప్పు జెప్పలే."

అంతయ్య తల గోడ కిందికి దిగింది. లింగమూర్తి స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టుకొని, అల్లుడి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"గా పాటోళ్లకు ఉత్తరం రాయి బిడ్డా. మా మామ ఖాళీగనే ఉన్నడని రాయి."