బాపిరాజు డాబా మీది నల్ల రేకులు

రిటైరైన మనిషి దైవచింతనలో పడతాడని లోకానికి ఒక నమ్మకం. బాపిరాజు అలాంటి పనేమీ పెట్టుకోలేదు. పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ రంగ కర్మాగారంలో ముప్పై నాలుగేళ్ళు తనిఖీ విభాగంలో కూర్చుని, ముందుకొచ్చిన ప్రతి ఇనుప ముక్కనూ దొంగను చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చాక కూడా అదే ఉద్యోగం కొనసాగించాడు. పాలలో లాక్టోమీటరు ముంచేవాడు. గ్యాస్ బండ తూచనిదే గడప దాటనిచ్చేవాడు కాదు. భీమవరం వైపు నుంచి వచ్చి నలభై ఏళ్ళు కావస్తున్నా, ఆటో ఎక్కితే చుట్టుదారిన తిప్పుతున్నారేమోనని ఫోన్లో మ్యాపు తెరుచుకునే కూర్చునేవాడు.

ఇంద్రేశంలో కొత్త లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నప్పుడు కాగితాలు ముగ్గురు వకీళ్ళకు చూపించాడు. ఇసుక తనే జల్లించి చూశాడు. గాలి మాత్రం స్వచ్ఛమైనదని బ్రోచర్లో రాసి ఉంటే సరేననుకున్నాడు. ఆయన పరీక్షించకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

భార్య కమలాకుమారిది రెండేళ్ళుగా ఒకే మాట. "ఏమండీ, తెల్లారేసరికి గొంతు పట్టేస్తోంది. ఆ ఫ్యాక్టరీల ఘాటు మీకు తెలియట్లేదా? ఇక్కణ్ణించి పోదామండీ."

"చందానగర్లో మీ చెల్లెలుంది, అందుకు పట్టింది గొంతు," అని ఆయన తీర్పు. డాబా మీద ఆరేసిన చీరలకు చుక్కలు పడుతున్నాయని చూపిస్తే సబ్బుపొడిలో కల్తీ అన్నాడు. నాలుగు కంపెనీల పొడులు మార్చాడు. చుక్కలు మారలేదు.

ఆ రోజుల్లోనే ఆయన ఒక కారు తయారు చేయించడం మొదలుపెట్టాడు. జోగిపేటలో ఎవరి కొట్టంలోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత పద్మిని కారు దొరికింది. తుప్పు కోయించి, కొత్త రేకు అతికించి, సీట్ల దగ్గర్నుంచి అద్దాల దాకా తన కొలతలకు చేయించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇక మిగిలింది రంగు. నలుపన్నది ఖాయం. అద్దంలా మెరిసే గ్లాసీ నలుపా, మెరుపు లేని మ్యాట్ నలుపా అన్నది తేలలేదు.

హైవే పక్కన అబ్దుల్ కరీం షెడ్డు ఉంది. కార్లకు రంగు వెయ్యడంలో ముప్పై ఏళ్ళ అనుభవం. అతను పద్మిని చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తడిమి, మొదట అడిగిన ప్రశ్న ఇది:

"సార్, బండి యాడ నిలవెడ్తరు?"

బాపిరాజు చెవులు నిక్కాయి. "రంగు సంగతి అడిగితే ఇంటి సంగతి అడుగుతావేంటయ్యా? నీకెందుకు?"

"గాలిని బట్టి రంగు సార్. గీడ ఒక్కో దిక్కు ఒక్కో గాలి. రెండు రేకు ముక్కలిస్త, ఒకటి గ్లాసీ, ఒకటి మ్యాట్. మీ డాబా మీద ఇరవై రోజులు కట్టుండ్రి. అటెన్క మాట్లాడుదం."

"ఈ ఇరవై రోజులూ వేరేవాళ్ళ బళ్ళు చేసుకుంటావన్నమాట."

"చేసుకోనా మరి? ఖాళీగ కూసుంటే షెడ్డు కిరాయి ఎవరు కడ్తరు?"

"మ్యాట్ వేస్తే అడుగున పుట్టీ వంకరలు కనబడవంటగా. చివరికి అదే అంటగడతావేమో."

కరీం చేయి తుడుచుకున్నాడు. "మీ జేబుల అయస్కాంతం ఉన్నది గద సార్. వచ్చిన కాడికెంచి సూస్తున్న. అగో, ఆ తెల్ల కారు నేను చేసిందే. పెట్టి సూడుండ్రి. పుట్టీ మందమున్న కాడ అంటుకోదు."

బాపిరాజు మొహమాటపడలేదు. పదకొండు చోట్ల పెట్టి చూశాడు. అన్నిచోట్లా అంటుకుంది. దాంతో అనుమానం ఇంకొంచెం పెరిగింది.

ఇంటికెళ్ళి రెండు ముక్కలనూ రంపంతో సగానికి కోశాడు. వెనక సంతకం చేశాడు. ఒక్కో సగం డాబా మీద తీగతో కట్టి, మిగతా సగాలను పేపర్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఫ్యాక్టరీలో అదే పద్ధతి. తగాదా వస్తే పోల్చి చూడ్డానికి దాచిన ముక్క ఒకటి ఉండాలి.

ఇరవయ్యో రోజున డాబా మీది గ్లాసీ ముక్క నిండా సూదితో పొడిచినట్టు చుక్కలు. కరీం నాసిరకం రంగు వేశాడనుకుంటూ బీరువా తీశాడు. లోపలి సగంలో ఆయన ముఖం మీసంతో సహా కనబడింది. ఒకే రేకు, ఒకే రంగు. కరీం తప్పేమీ లేదు. పావురాల్ని అనుమానించాడు, రెట్ట ఇంత సమానంగా పడదు. ఇక అనుమానించడానికి ఇంట్లో ఇంకొకరున్నారు.

"కమలా, వీటి మీద ఫినాయిల్ గానీ పోశావా?"

"ఆ, రోజూ అభిషేకం చేస్తున్నా." ఆమె లోపలికెళ్ళి తెల్లచీర ఒకటి తెచ్చి రేకు పక్కన పరిచింది. "ఇదీ చూడండి. నా మాట ఎలాగూ వినరు, ఇనుము చెప్తే వింటారుగా."

భూతద్దంలో రెండింటి మీదా ఒకే సైజు చుక్కలు. డాబా మీది రేకులు రెండూ విప్పి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు షెడ్డులో కరీం గ్లాసీ ముక్క మీద పాలిష్ ముద్ద పెట్టి రుద్దాడు. చుక్కలు పోయాయి. మ్యాట్ ముక్క మీద చుక్కలు కంటికి ఆనలేదు గానీ వేలికి గరుకుగా తగిలాయి. రుద్దితే గరుకు పోలేదు, మధ్యలో ఒక మెరుపు మచ్చ పడి ముక్కే పాడైంది.

"మ్యాట్ల కనవడయి, గని రుద్దితే పోవు. గ్లాసీల కనవడ్తయి, రుద్దితే పోతయి. గని రుద్దినకొద్ది పై పూత పల్చనైతది సార్. ఎన్నిసార్లని రుద్దుతరు?"

"ఇదంతా నీకు ముందే తెలుసు కదూ?"

"మీ దిక్కు బండ్లు మస్తు వస్తయి నా కాడికి. నేను చెప్తే నమ్ముతుంటిరా?"

నమ్మేవాడు కాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"గ్లాసీ వెయ్యి. కనబడని పాడు నాకొద్దు."

"ఏస్త. మల్ల యాడ నిలవెడ్తరు?"

ఈసారి ఆ ప్రశ్నలో బాపిరాజుకు కుట్రేమీ కనబడలేదు. "ఇప్పటికి అడుగు పూత ప్రైమర్‌తోనే ఉంచు, ఎక్కడ నిలబెట్టేదీ చెప్తాను," అన్నాడు. "ఇంకో ఆరు గ్లాసీ ముక్కలివ్వు."

మొగుడు మారాడని కమలాకుమారి పొరపడింది. చందానగర్లో అద్దె ఇల్లు చూద్దామని ఆయనే బయల్దేరాడు, సంచిలో రేకులతో. అడ్వాన్సు ఇచ్చేముందు ఇరవై రోజులు ఇది మీ డాబా మీద వేలాడాలన్నాడు. ఇద్దరు ఓనర్లు ముఖమ్మీదే తలుపేశారు. మూడో ఇంటి సోమమ్మ రేకును కొంగుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏంది సారూ గిది? నల్ల రేకు, ఎనక సంతకం. చేతబడా?"

"కాదమ్మా, గాలి పరీక్ష."

"గట్లనే అంటరు. మందేమన్న పూసిండ్రో ఏమో, మీరు సోపు పెట్టి నా ముంగట కడుగుండ్రి, జెర సూస్త. రోజు నేను గూడ ఎక్కి సూస్త."

ఇంత అనుమానమున్న మనిషి ఇల్లు గట్టిగానే కట్టించి ఉంటుందని బాపిరాజుకు ఆమె మీద గురి కుదిరింది. బుద్ధిగా నల్లా దగ్గర కూర్చుని రేకు కడగసాగాడు. కమలాకుమారి మాత్రం ఇరవై రోజులు ఆగలేదు. డాబా మెట్ల మీద నిలబడి, ముక్కు మీద కొంగు తీసేసి, ఓసారి నిండుగా పీల్చింది.

"ఏమండీ," అంది, "అద్దె ఎంతో అడగండి."