ఓటకర్ మామ కుళాయి

ఓటకర్ మామ కుళాయి తిప్పకుండా నోరు విప్పడు. ప్రాగ్‌లో మా వీధి వీధంతా ఎరిగిన సంగతే ఇది. సూపులో ఉప్పు తక్కువైందని భార్యకి చెప్పాలన్నా సరే, లేచి వెళ్ళి వంటింటి కుళాయి ధారగా వదిలి, అప్పుడు ఆవిడ చెవి దగ్గర వంగేవాడు. ఆ చప్పుడులో ఆవిడకి ఏమీ వినపడేది కాదు. మర్నాడూ ఉప్పు తక్కువే.

చుట్టరికం లేదు, పక్క వాటా ఆయన కాబట్టి నాకు మామ. మా వంటింటికీ వాళ్ళ వంటింటికీ మధ్య ఒకటే గోడ, అదీ పల్చటిది. ఇంట్లో మాటలు కూడా పోలీసులు చాటుగా వినే పాత కమ్యూనిస్టు ప్రభుత్వం రోజుల్లో ఆ అలవాటుకి అర్థం ఉండేది. మామ బడిలో భూగోళం చెప్పే పంతులు. పైవాళ్ళకి నచ్చని ఏదో కాగితం మీద సంతకం పెట్టాడని ఉద్యోగం పీకి, ఆసుపత్రి బాయిలరు గదిలో బొగ్గు ఎత్తే పనిలో వేశారు. అలాంటి మనిషి కుళాయి తిప్పుకోడూ మరి.

వింతల్లా ఏమిటంటే, ఆ ప్రభుత్వం పోయాక కూడా ఆపలేదు. అది పడిపోయిన రోజు పెద్ద కూడలిలో లక్షల మందితో కలిసి తాళంచెవులు గలగలలాడించి, గొంతు పోయేలా అరిచి వచ్చాడు. సరాసరి మా ఇంట్లో దూరి, కుళాయి తిప్పి, మా నాన్న చెవిలో గుసగుసగా, "లుబోష్, ప్రభుత్వం పడిపోయింది. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఒకసారి నీళ్ళు కారుతున్నాయని కింది వాటా వాళ్ళు గోల పెడితే ప్లంబరు వచ్చాడు. మామ కుళాయి పూర్తిగా తిప్పేసి, తన ఇంట్లో ఎక్కడా చుక్క కూడా కారడం లేదని ఆయనకి రహస్యంగా విన్నవించుకున్నాడు. వీధిలో మాట్లాడాలంటే నన్ను ఫౌంటెన్ దాకా ఈడ్చుకెళ్ళేవాడు. ఒక ముసలాయనా, బట్టతలతో నేనూ నీళ్ళ పక్కన చెవులు కొరుక్కుంటుంటే, విదేశీ యాత్రికులు అదేదో ఈ ఊరి ఆచారమనుకుని ఫొటోలు తీసుకునేవారు.

అత్త పోయిన రోజున ఆసుపత్రిలో చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, కుళాయి తిప్పి ఆ మాట చెప్పాడు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

నేను ఉద్యోగానికని ఓస్ట్రవా వెళ్ళిపోయి పాతికేళ్ళు. మొన్న అక్టోబరులో ప్రాగ్ వెళ్ళింది ఒకే ఒక్క పని మీద. రహస్య పోలీసుల పాత ఫైళ్ళు ఇప్పుడు అడిగి చదువుకోవచ్చు. ఆరేళ్ళ కిందట పోయిన మా నాన్న పేరు వాటిలో ఉందని ఒకాయన నా చెవిన వేశాడు. అబద్ధమని తేల్చుకుందామని వెళ్ళాను.

అబద్ధం కాదు. పదకొండేళ్ళ పాటు, నెలకొకటి చొప్పున, ఓటకర్ మామ మీద నివేదికలు. మా నాన్న గుండ్రటి చేతిరాత. నాకు తల తీసేసినట్టయింది.

తీరా చదివితే ప్రతి నివేదికా ఒకటే: "వంటింట్లో నీళ్ళ చప్పుడు. మాటలు వినపడలేదు." ఒక కాగితం అంచున అధికారి ఎర్ర సిరాతో, "ఈ మనిషి రోజుకి ఎన్నిసార్లు గిన్నెలు తోముతాడు?" అని రాసుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ సంగతి మామకి చెబితే మొహం మీదే తలుపు వేసేస్తాడేమో. నాన్న పోయాక పెద్దదిక్కని నాకు మిగిలింది ఆయనొక్కడే. అలాగని దాచిపెట్టి ఆయన ముందు కూర్చుని ఎలా తినను?

ఎనభై ఆరేళ్ళ మనిషి, నేను వస్తున్నానని ప్లం పండ్లు పెట్టి కుడుములు వండాడు. ఈసారి నేనే లేచి కుళాయి తిప్పాను. అంత పెద్ద విషయమా అని అడిగాడు. కూడబలుక్కుని చెప్పాను.

"తెలుసు," అన్నాడు కుడుము మీద వెన్న వేస్తూ. "మొదటి నెల నుంచీ తెలుసు. మీ నాన్న నన్ను చూసి తల వంచుకుని మెట్లు దిగడం మొదలెట్టాడు. మీ అమ్మ వైద్యమో, నీ చదువో, ఏదో చూపించి మెడలు వంచుంటారు. వాడికి అబద్ధం చేతకాదురా. వింటే విన్నదంతా రాసేస్తాడు, రాసి కుమిలి చస్తాడు. అందుకని వినపడకుండా చేశాను."

"మరి వాళ్ళు పోయాక కూడా ఎందుకు తిప్పావు మామా?"

"అప్పుడే ఆపేస్తే, అన్నేళ్ళూ ఎవరి కోసం తిప్పానో వాడికి తెలిసిపోదూ? పక్కింట్లో తలెత్తుకు తిరగాలా వద్దా? పిచ్చోణ్ణనుకుంటే అనుకోనీ అనుకున్నాను."

"నాన్న పోయి ఆరేళ్ళయింది."

"నువ్వున్నావుగా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఎనభై ఏడు జనవరిలో గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి మన మేడకి రెండు వారాలు చుక్క నీరు రాలేదు గుర్తుందా అని అడిగాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. గుర్తుండకేం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐదుగురు స్నేహితులు ఇదే బల్ల చుట్టూ కూర్చుని నిషేధించిన పుస్తకం టైపు కొట్టారట. మధ్యలో ఆపే వీల్లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. ఒకరి పేరొకరు పిలుచుకున్నారు, వాదించుకున్నారు. ఆ తర్వాత నెల రోజులు మామ బూట్లు వేసుకునే పడుకున్నాడు, పోలీసులు వస్తారని. ఎవరూ రాలేదు.

జేబులోంచి కాగితం నకలు తీసి ఆయన ముందు పెట్టాను. ఆ జనవరి తారీఖు, కింద నాన్న సంతకం. "వంటింట్లో నీళ్ళ చప్పుడు. మాటలు వినపడలేదు."

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అన్నీ విన్నాడు," అన్నాడు. "విని, ఇలా రాశాడు. దొంగ వెధవ."

టోపీ పెట్టుకుని లేచాడు. శ్మశానానికి వెళ్ళాల్సిందే, లుబోష్‌ని మొహం మీదే అడగాల్సిందే అని పట్టుబట్టాడు. కుడుములు అలాగే వదిలేసి బయల్దేరాం. ట్రాము కిక్కిరిసి ఉంది. మామ కడ్డీ పట్టుకుని నిలబడి, పెట్టె ఆ చివరిదాకా వినపడే గొంతుతో నాన్నని తిడుతూనే ఉన్నాడు. ఆ జనవరి నుంచి పోయేదాకా ముప్పై రెండేళ్ళు, తనతో ఒక్క మాటైనా చెప్పలేదంటాడు. జనం తిరిగి తిరిగి చూస్తున్నారు.

ఎవరినండీ అంతలా తిడుతున్నారని సీట్లో కూర్చున్న ఒకావిడ అడిగింది.

"నా స్నేహితుణ్ణమ్మా," అన్నాడు మామ, ఇంకా గట్టిగా.