పేరెత్తినందుకు

నా మొగుడి పేరు ఈ కాగితం మీద రాయను. సిగ్గుపడి కాదు, గౌరవించి అసలే కాదు. ఆ పేరు నోరారా అన్నందుకు ఒకసారి నాకు జరిగిన శాస్తి చాలు.

నేను పుట్టింది రంగంలో. రంగూన్‌ని మావాళ్ళంతా అలాగే అనేవారు. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి, నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ సందు మొదట్లో పొయ్యి పెట్టుకుని అట్లు పోసి అమ్మేది. ఆ అట్ల మీదే నన్ను తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివించి, పదిహేనో ఏట అదే మిల్లులో పనిచేసే అనకాపల్లి వైపు మనిషికిచ్చి చేసింది. అందరూ నెమ్మదస్తుడన్నారు. అప్పట్నుంచీ నెమ్మదస్తులంటే నాకు పడదు.

జపానువాళ్ళ బాంబులు పడ్డప్పుడు జనం కొండలూ అడవులూ పట్టి ఇటు నడిచారు. అమ్మకి కాలు వాచిపోయి ఉంది. "నువ్వెల్లవే. గొడవ సల్లారేక నీ మొగుడే మళ్ళీ తీసుకొత్తాడు" అంది. నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను. అతను మూట భుజానికెత్తుకుని "బేగి రా" అన్నాడు. ఆ దారిలో నెలల తరబడి నడిచినప్పుడు అతను నాతో అన్న మాటల్లో పెద్ద మాట అదే.

అత్తవారిది కె. కోటపాడు దగ్గర పల్లె. చెరకు తోటలు, ఒక పెంకుటిల్లు, అందులో మా బావగారు. మొగుడికి అన్న. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "రంగందానా" అనేవాడు, నేను అక్కడినుంచి ఏదో రోగం మోసుకొచ్చినట్టు. నాలుగేళ్ళు ఆ ఇంట్లో గానుగ దగ్గర పొయ్యి ఎగదోశాను. అమ్మ దగ్గరికి వెళ్తానన్న ఆశ లేకపోతే ఆ పొయ్యిలో ఎవరినో ఒకరిని తోసేసేదాన్నే.

యుద్ధం అయిపోయింది. మొగుడు ముందుగా వెళ్ళాడు, వెళ్ళి నాకు కాగితం పంపుతానన్నాడు. అప్పటికి పద్ధతి మారింది. పూర్వంలా టిక్కెట్టు కొని ఓడెక్కేస్తే కుదరదు, పర్మిట్టు ఉండాలి. అక్కడ పనున్నవాడికి అతని పని మీద ఇస్తారు. అతని పెళ్ళానికి పెళ్ళాం కాబట్టి ఇస్తారు. నేను అక్కడే పుట్టానని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. బడి కాలిపోయింది. అమ్మకి నేను పుట్టినప్పటి వాన తప్ప తేదీ తెలియదు. నా ఊరికి, నా తల్లి దగ్గరికి నేను పోవాలంటే, వాడి పెళ్ళాన్నని ఎవరో ఒప్పుకోవాలి.

వాడు అక్కడ దరఖాస్తు పెట్టాడు, అది నిజం. పెట్టి మర్చిపోయాడు. రంగానికి అవతల మౌల్మేన్ అనే ఊళ్ళో మిల్లు పని దొరికింది, పనితో పాటు ఒక మనిషీ దొరికింది. ఆ సంగతి నాకు రాయలేదు. బావగారికి రాశాడు, పరక తుంచేయమని.

పరక తుంచడం మావాళ్ళలో విడాకులు. కులపెద్ద అరుగు మీద పదిమంది కూర్చుంటారు. మొగుడొక కొస, పెళ్ళామొక కొస ఒక గడ్డిపరక పట్టుకుంటారు. పెద్ద ఊఁ అనగానే లాగుతారు. మొగుడు సముద్రానికి అవతల ఉన్నాడు గనక బావగారు వాడి కొస పట్టుకున్నాడు. ఎంత హుషారుగా లాగాడంటే నా వేలు కోసుకుంది. తలుచుకుంటే ఆ మనిషి మీద ఈనాటికీ నా ఒళ్ళు మండుతుంది.

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఇంక ఆడికీ నీకూ ఏటీ నేదు. నువ్వు మారుమనువు ఎల్లొచ్చు. ఆడి పేరు సెప్పుకున్నా తప్పు నేదు."

మొగుడి పేరు ఆడది పైకి అనకూడదు. అంటే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని మావాళ్ళ నమ్మకం. ఆ కట్టు ఒక్కటే నాకు వదిలింది, మిగతా బతుకంతా బిగిసింది.

ఆ వారమే అనకాపల్లి వచ్చేశాను. ఒక దర్జీ ఇంటి పెరట్లో చిన్న పాక, బెల్లం మార్కెట్లో దిమ్మలు దించి పేర్చే పని దొరికాయి. దర్జీ భార్యని వీధంతా బీబీ అనేవారు. ఆవిడకి ఒక మేకపోతు ఉండేది. మొండిది, దొంగతిండిది, పిలిస్తే పలకనిది. దానికి నేను మొగుడి పేరు పెట్టాను. పొద్దున్నా సాయంత్రం వీధంతా వినిపించేలా ఆ పేరు పెట్టి తిట్టేదాన్ని. ఆయుష్షు ఏపాటి తగ్గుతుందో చూద్దామని కూడా ఉండేది.

బీబీ నవ్వేది. "ఆ పేరొద్దే పిల్లా. మేక ఏం పాపం సేసింది?"

మూడు నెలలకి తాలూకా కచేరీ నుంచి కబురొచ్చింది. రంగంలో వాడు మర్చిపోయిన దరఖాస్తు ఊళ్ళన్నీ తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. నేను అతని భార్యనేనా అని విచారించి పంపాలట. మా పల్లె తలారికి నేనెక్కడున్నదీ తెలుసు గనక, పుణ్యాత్ముడు, బావగారి చెవిన వెయ్యకుండా నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"పరక తెగినట్టు రాసిన కాగితం ఉందేటి?" అని అడిగింది బీబీ.

"నేదు."

"మరింకేటి? కచేరీకి కాగితమే కావాల. గడ్డిపరకతో ఆళ్ళకేం పని? పెళ్ళాన్నని సెప్పు, ఓడెక్కు. అమ్మ దగ్గరికెళ్ళేక ఆడి మొహం సూడక్కర్నేదు. నీతో నేనొత్తాను. మొగుడి పేరు అడుగుతారు, అది నేను సెప్తాను. నువ్వు మాత్రం నోరిప్పకు."

అబద్ధం కదా అని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆ అన్నదమ్ములు నాతో ఏపాటి నిజం చెప్పారు గనక? ఆ సాయంత్రమే అమ్మకి ఉత్తరం రాసేశాను. కాగితం వచ్చింది, వచ్చే ఓడకో ఆ పై ఓడకో వచ్చేస్తున్నాను అని.

కచేరీలో మా ముందు ఇంకో రంగం ఆవిడ. మొగుడి పేరు అడిగితే గోడ మీద క్యాలెండరులో దేవుడి బొమ్మ చూపించింది. గుమాస్తా నవ్వుతూ రాసుకున్నాడు. అది చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

నా వంతు వచ్చింది. గుమాస్తా కాగితాలు తిరగేస్తూ విసుక్కున్నాడు. "మొగుళ్ళక్కడా, మీరిక్కడా, మధ్యని మా ప్రాణాలు తోడెస్తన్నారు. అతను రమ్మన్నాడా, నువ్వే ఎగబడి పోతన్నావా? ఏటి, అతని పేరు?"

బీబీ నోరు తెరిచేలోపు నేను అనేశాను. ఎగబడటమన్న మాట నెత్తికెక్కింది. పేరు, ఇంటిపేరు, రెండూ అతని మొహాన కొట్టినట్టు చెప్పాను.

గుమాస్తా కలం ఆగింది. "ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. మేకని పిలిచి పిలిచి నాలిక అలవాటు పడిపోయింది. బీబీ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ముప్పయ్యేళ్ళయింది మా యావిడ కాపరానికొచ్చి. ఒక్కనాడు నా పేరెత్తలేదు. నువ్వు అంత తేలిగ్గా ఎలాగ అనేసేవు? పరక తుంచేసేరా?"

రంగంలో పుట్టి పెరిగినదాన్ని, అక్కడ ఈ పట్టింపులు లేవు అని ఉంటే సరిపోయేది. ఆ మాట ఇంటిదారి పట్టాక తట్టింది. అక్కడ మాత్రం నా నోటికి వచ్చింది వేరు.

"తుంచితే తుంచేరు. నేను పుట్టిన ఊరికి నన్ను పోనివ్వడానికి ఆడెవడు?"

బీబీ నెత్తిన కొంగు లాక్కుని కిందికి చూసింది. గుమాస్తా కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. తీరిగ్గా రాసుకున్నాడు. "ఈ పర్మిట్టు భార్యకి. నువ్వు భార్యవి కావు."

"మా అమ్మకి కూతుర్ని. ఆవిడక్కడే ఉంది."

"దానికి ఈ ఫారంలో గడి లేదమ్మా" అన్నాడు.

పై వారం బావగారిని పిలిపించారు. బండి కట్టుకుని, తలకి కొత్త పాగా చుట్టుకుని వచ్చి మరీ సాక్ష్యం చెప్పాడు, పరక తన చేత్తోనే తుంచానని. సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. అంతవరకూ గడ్డిపరకతో పోయిన విడాకులకి ఆ రోజు కాగితం పుట్టింది. అమ్మకి రెండో ఉత్తరం రాశాను, మూడోదీ రాశాను. జవాబు రాలేదు.

రెండేళ్ళ తర్వాత రంగం నుంచి వచ్చేసిన రాజయ్యపేట మనిషొకడు నన్ను వెతుక్కుంటూ బెల్లం మార్కెట్‌కి వచ్చాడు. అమ్మ అంతకుముందు వానల్లో పోయిందట. నా మొదటి ఉత్తరం అందిందట, తర్వాతవి అందలేదట. ఉత్తరం అందిన దగ్గర్నుంచీ ఇటునుంచి ఓడ వచ్చినప్పుడల్లా ఆ వాచిన కాలితోనే రేవుకి వెళ్ళి నిలబడేదట. నేను వచ్చేది అల్లుడి కాగితం మీద గనక, నా పేరు చెబితే ఎవరికీ తెలియదని, దిగిన ప్రతి ఒక్కరినీ వాడి పేరు చెప్పి అడిగేదట. "ఫలానావోడి పెళ్ళాం వచ్చిందేటి బాబూ?"

ఆ మనిషి వెళ్ళిపోయాక పని ముగించుకుని ఇంటికి వచ్చాను. మేకపోతు గుమ్మంలో అడ్డంగా పడుకుంది. పేరు పెట్టి పిలవకుండా చేత్తో పక్కకి నెట్టాను.

వాడు ఎనభై దాటి బతికాడని విన్నాను. వాడి పేరు నేను అన్నిసార్లు అన్నాను, వాడి ఆయుష్షు ఒక్కరోజు కూడా తగ్గలేదు. మా అమ్మ కూడా ఓడ ఓడకీ ఆ పేరే అంటూ పోయింది.