వర్క్‌షాపు గడప తొక్కని జబ్బు

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది నన్ను సూర్యాపేటలోని ఒక కార్ల సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. బండికి ఏమైందో టెక్నీషియన్లు చెబితే సంతకం పెట్టడం, వాళ్లు చెప్పలేకపోతే తల గోక్కోవడం ఆ ఉద్యోగం. నా తలమీద ఇప్పుడు ఎంత జుట్టుందో చూస్తే ఎన్ని బండ్లు చూశానో తెలిసిపోతుంది.

చేరిన కొత్తలోనే దామరచర్ల నర్సింహ తన డీజిల్ టర్బో కారు తెచ్చాడు. రోజూ పొద్దున మిర్యాలగూడలో ఒక ఇంజినీరును ఎక్కించుకుని దామరచర్ల పవర్ ప్లాంటుకు చేర్చడం అతని కాంట్రాక్టు. దారిలో బండి ఉన్నట్టుండి చచ్చుబడుతోంది. ఇంకోసారి డ్యూటీకి ఆలస్యమైతే వేరే బండి మాట్లాడుకుంటామని కంపెనీవాళ్లు చెప్పేశారు.

టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ ఊపుతో తిరిగే చిన్న చక్రం. అది ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది. ఆ ఒత్తిడే బూస్ట్. అది చాలకపోతే కారులోని కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడుకోవడానికి పవర్ కోసేస్తుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా అది ఎడ్లు లేని ఎడ్లబండి.

ఆ కంప్యూటర్‌కు స్కానర్ తగిలిస్తే ‘బూస్ట్ తక్కువ’ అన్న కోడ్ దొరికింది. గొట్టాల్లోకి పొగ పంపి చూశాం, లీకు లేదు. టర్బోను అదుపు చేసే కడ్డీ చక్కగా కదులుతోంది. ఫిల్టర్ శుభ్రం. కోదాడ దాకా తోలితే దారిలో ఏ లారీనీ లెక్కచేయలేదు. ఇక టర్బో మార్చడమేనని ఫోర్‌మన్ తేల్చాడు. సంతకం నాది.

“మారిస్తె పక్కా మంచిగైతదా సార్? మార్చుడంటె నాకు బండి అమ్ముకున్నట్టే” అన్నాడు నర్సింహ.

సంతకం ఆపాను. మర్నాడు నేనూ డ్యూటీకి వస్తానన్నాను.

వెనక సీట్లో ఇంజినీరు, ముందు సీట్లో ఒళ్లో స్కానరుతో నేను. మిర్యాలగూడ చివర రైస్ మిల్లులు మొదలయ్యే ముందు నర్సింహ బండి ఆపి, బానెట్ ఎత్తి, దించి వచ్చాడు. నీళ్లు చూసుకున్నాడనుకున్నాను. మిల్లులు దాటాక ఊక లారీని దాటబోయి యాక్సిలరేటర్ తొక్కాడు. స్కానర్ మీద రెండు గీతలు: కంప్యూటర్ అడిగిన బూస్ట్ పైకి పోయింది, వచ్చిన బూస్ట్ కిందే ఉండిపోయింది. బండి నీరసించింది.

“పడింది! పడింది!” అని సీట్లోనే ఎగిరాను.

“బండి సచ్చుబడితె గంత సంబరమేంది సార్?”

“జబ్బు బండికా, ఈయనకా నర్సింహా?” అన్నారు వెనకనుంచి ఇంజినీరు, గడియారం చూసుకుంటూ.

బండి పక్కకు తీయించి, ఇందాక బానెట్ ఎందుకు ఎత్తావని అడిగాను.

“ఏం లేదు సార్, గుడ్డ కట్టిన.”

“ఏ గుడ్డ?”

“గాలి గొట్టానికి. ఊక కొట్టకుంట. మా దిక్కు అందరం కడ్తం.”

“మా దగ్గరికి తెచ్చినప్పుడు లేదే!”

“గలీజు గుడ్డతోని షోరూంకి తెస్తనా సార్? తీసి, బండి కడిగి తెస్త.”

పాత నైలాన్ చీర ముక్క అది. మెల్లగా పోతే ఏమీ కాదు. గట్టిగా తొక్కితే టర్బో గాలిని బలంగా లాగుతుంది, గాలితోపాటు గుడ్డను కూడా లాగి గొట్టం మూతికి అతికిస్తుంది. గుడ్డ విప్పాం. తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేశాం. కాసేపట్లో అదే లారీ వెనక చేరి తొక్కితే రెండు గీతలూ అన్నదమ్ముల్లా కలిసి పైకి పోయాయి. ఈసారి నాకంటే ముందు నర్సింహే అరిచాడు. షిఫ్టు మొదలయ్యేలోపు ప్లాంటు గేటు దగ్గర దిగిన ఇంజినీరు, “రేపు కూడా నువ్వే రా” అని అతనికి చెప్పి, నాకేసి చూసి, “ఈయన్ని మాత్రం తేవద్దు” అన్నారు.

గుడ్డకు బదులు వారం వారం ఫిల్టర్ దులిపించుకోమన్నాను. టర్బో మార్పిడి మీద సంతకం పెట్టలేదు. అన్ని రోజులు వర్క్‌షాపులో మేం చేసింది ఊకదంపుడు. ఊకేమో మిర్యాలగూడలో ఉంది.

రిటైరయ్యేదాకా, పవర్ తగ్గిందని ఏ బండి వచ్చినా మొదటి ట్రయల్ దాని డ్రైవర్‌తోనే తోలించాను, అతని దారిలో, రోజూ అతను తోలినట్టే. వర్క్‌షాపుకు వచ్చేది కడిగిన బండి. జబ్బు పడేది కడగని బండి.