వడగట్టిన బ్రేకాయిలు

మా అత్తగారింట్లో కారు కొన్నది ఎక్కడికీ వెళ్లడానికి కాదు, వాకిట్లో పెట్టుకోవడానికి. రేపల్లెలో ఒక డాక్టరుగారు వాడి వాడి విసుగెత్తి అమ్మేస్తే, మా మావగారు దాన్ని తెనాలి తెచ్చి, ముఖం వీధివైపు ఉండేలా నిలబెట్టించారు. మీద కప్పడానికి పెద్ద ముసుగు కుట్టించారు. పొద్దున్నే పేపరు చదవడం కూడా దాని పక్కన కుర్చీ వేయించుకునే. డ్రైవరును పెట్టుకోలేదు, మెకానిక్కును గుమ్మం తొక్కనివ్వలేదు. బయటివాడు చెయ్యి పెడితే బండి పాడవుతుందట. అందుకని వడ్ల వ్యాపారం చేసుకునే మా వారు డ్రైవరూ, మెకానిక్కూ కూడా తనే అయ్యారు. మూడింటిలో ఆయనకు వచ్చింది వ్యాపారమే, అదీ వాళ్ల నాన్న పక్కనుంటేనే.

డెబ్భైల మొదట్లో బాపట్లలో ఆడపిల్లల స్కూల్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, మిగిలిన వేళల్లో చదివి తెచ్చుకున్న ఉద్యోగం. సోమవారం బడి గంట కొట్టేలోగా చేరాలి. చేరకపోతే నా తర్వాత పేరున్న ఆవిడకు ఇచ్చేస్తారు. తెనాలి నుంచి బాపట్లకు పొద్దున్నే రైలుంది. అందులో వెళ్తానన్నాను. మావగారు ముఖం చిట్లించారు.

"వాకిట్లో కారు పెట్టుకుని మా కోడలు రైల్లో వెళ్తుందా? నలుగురూ ఏమనుకుంటారమ్మాయ్?"

నలుగురూ ఏమీ అనుకోరు. వాళ్ల పనులు వాళ్లకున్నాయి. పనిలేనిది మా కుర్చీకే.

ఆదివారం మా వారు కారు తీసి వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. తొక్కితే బ్రేకు పెడలు మెత్తగా లోపలికి దిగిపోతోందన్నారు. గొట్టాల్లో గాలి చేరిందని, పాత ఆయిలు తీసేసి కొత్తది పొయ్యాలని చెప్పారు. అక్కడి వరకూ సరిగ్గానే చెప్పారు, పాపం. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం వెనక పడుకుని చిన్న నట్టు వదులు చేస్తే, దానికి తగిలించిన రబ్బరు ట్యూబులోంచి ఆయిలూ గాలి బుడగలూ సీసాలోకి వస్తాయి. నట్టు బిగించాకే కాలు తియ్యాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పడుకునేది మా వారు, తొక్కేది నేను. మావగారికి మోకాళ్ల నొప్పులు. అవి లేకపోయినా హోదా అడ్డొచ్చేది.

"తొక్కు" అంటే తొక్కాను. "పట్టు" అంటే పట్టాను. "వదులు" అంటే వదిలాను. మా పెళ్లిలో పురోహితుడి మాట కూడా నేను ఇంత శ్రద్ధగా వినలేదు.

నల్లటి ఆయిలు సీసా నిండా దిగింది. పెరట్లో పారబోద్దామని మా వారు లేచారు. కుర్చీలోంచి మావగారు చెయ్యెత్తారు.

"రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళ నూనె నేలపాలు చేస్తావేంట్రా? అరిష్టం."

"ఇది నూనె కాదు నాన్నా."

"వాసన చూడు. ఆముదంలా లేదూ?"

మా వారు వాసన చూశారు. చూసి ఒప్పుకున్నారు కూడా. కొత్త ఆయిలు డబ్బా మూత తియ్యకుండానే బీరువాలోకి వెళ్లిపోయింది. మావగారి పాత పంచె చింపి, మడతలు పెట్టి, ఆ నల్లటి ఆయిలునే వడగట్టి మళ్లీ పోశారు. కాఫీ పొడినైనా రెండు డికాషన్లయ్యాక పారేసే ఇల్లు మాది. పంచెలోంచి పిండేసరికి ఆయిలు నురగ కట్టింది. ఆ నురగతోనే పోశారు. గాలి తీసే పని పెట్టుకుని గాలి కలిపి పోస్తున్న ఘనులను నేను మళ్లీ చూడలేదు.

"ఏవండీ, నురగ పోస్తున్నారు" అన్నాను.

"నీకేం తెలుసు? నువ్వు తొక్కు."

తెలియకేం? పెడలు కింద ఉన్నదంతా గాలేనని నా కాలు చెబుతూనే ఉంది. చీకటి పడేదాకా తొక్కాను. తీసిందే వడగట్టారు, వడగట్టిందే పోశారు.

సోమవారం పొద్దున గంజి పెట్టిన చీర కట్టుకుని, ఉద్యోగం ఆర్డరు హ్యాండుబ్యాగులో పెట్టుకుని బయటికొచ్చాను. "ఒక్క చక్రం మిగిలింది, కూర్చో" అన్నారు మా వారు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చక్రం అవ్వలేదు. ఎండ గుమ్మం దాకా వచ్చింది.

"ఏవండీ, రైలు టైమవుతోంది. అందులోనే వెళ్తాను."

కారు కిందనుంచి సమాధానం వచ్చింది. "రేపు వెళ్దువుగానిలే. ఒక్కరోజుకి కొంపలేం మునగవు."

"అంతేగా" అన్నారు మావగారు పేపరు తిప్పుతూ. "అయినా నువ్వు ఉద్యోగం చెయ్యకపోతే మనకేం జరగదా అమ్మాయ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. తండ్రికి కారు వాకిట్లో ఉంటే చాలు, కొడుకుకి నేను కార్లో ఉంటే చాలు.

"నట్టు వదిలాను. గట్టిగా పట్టు. చెప్పేదాకా తియ్యొద్దు" అన్నారు మా వారు.

కాలు తీసేశాను.

కింద ఎవరో గుటక వేసినట్టు చప్పుడైంది.

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదండీ" అని తలుపు తీసుకుని దిగి, స్టేషనుకి వెళ్లడానికి వీధిలో పోతున్న రిక్షాను పిలిచాను. వెనక నుంచి మావగారు నలుగురూ చూస్తున్నారని అన్నారు. చూస్తే చూడనీ అనుకుని ఎక్కి కూర్చున్నాను.

రైలు అందింది, బాపట్లలో బడి గంట కొట్టకముందే చేరాను. సాయంత్రం స్టేషనుకొచ్చేసరికి మా వారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. చొక్కా మార్చుకున్నారు గానీ గోళ్ల నిండా నలుపే. కారున్న మనిషి నాకోసం రైలెక్కి వచ్చాడు కదా అని, నిజం చెప్పొద్దూ, నా మనసు కరిగింది. కోపం కూడా సగం చల్లారింది. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"గొట్టాల్లో మళ్లీ అంతా గాలే. ఇప్పుడు పెడలు ఎవరు తొక్కుతారు?"

"మావయ్యగారున్నారుగా" అని, రైలు రాగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న మా వారు తెనాలి వచ్చేదాకా బ్రేకుల గురించే మాట్లాడారు. ఉద్యోగంలో చేరావా అని మాత్రం అడగలేదు.